సామే నిద్రపోయిన రాత్రి



తరావీహ్ చదివే ఇళ్లలో సామే అంటే ఎవరో చెప్పక్కర్లేదు. హాఫిజ్ సాబ్ ముందు నిలబడి ఖురాన్ వినిపిస్తుంటే, ఆయన వెనకే మొదటి సఫ్‌లో ఇంకో హాఫిజ్ నిలబడతాడు. ఆయన పని వినడం. ముందున్నాయన ఎక్కడైనా ఆగిపోయినా, ఒక ఆయత్ వదిలి ఇంకోటి అందుకున్నా వెనక నుంచి లుక్మా ఇస్తాడు. ఒక్కోసారి నెల మొత్తంలో ఆయన నోరు విప్పాల్సిన అవసరం రెండు మూడు సార్లకి మించి రాదు. అయినా కమిటీవాళ్లు ముందు హాఫిజ్‌ని ఖాయం చేసుకుంటే, ఆ వెంటనే వెతికేది సామేనే.

ఈ సంగతి నాకు చిన్నప్పుడు చెప్పింది మా ఉస్తాద్. ఉర్దూ మీడియం బడిలో నాచేత అలిఫ్ బే దిద్దించినాయన. ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన జనాజా విషయంలో నా వల్ల ఒక గలతీ జరిగింది. ఇన్నేళ్లు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. అది కంప్యూటర్‌లో జరిగిన గలతీ. అందుకని కాసేపు కంప్యూటర్ మాటలు తప్పవు. మన మాటల్లోనే చెప్పడానికి కోషిష్ చేస్తాను.

అప్పట్లో నేను అమలాపురంలో ఒక చిన్న స్థానిక దినపత్రికలో పనిచేసేవాణ్ణి. పేజీలు కట్టే కంప్యూటర్లు, అకౌంట్స్, ఫొటోలు దాచే మెషీను, ఎదురు వీధిలో ప్రెస్, రాజోలులో ఒకటి, కొత్తపేటలో ఒకటి చిన్న బ్రాంచి ఆఫీసులు. అన్నీ కలిపి పాతిక కంప్యూటర్ల పైన. వాటిని చూసుకునే కుర్రాడు ఖతర్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. యజమాని నన్ను పిలిచి, "మీకు కంప్యూటర్ కాస్త తెలుసు కదండీ, ఇంకొకరు దొరికేదాకా చూడండి" అన్నారు. నాకు తెలిసింది టైపింగు. డిగ్రీలో చదివింది తెలుగు సాహిత్యం. ఇంకొకరు మాత్రం దొరకనే లేదు.

2014 ఎండాకాలంలో ఒక సాయంత్రం ఆఫీసంతా ఆగిపోయింది. కరెంటు ఉంది. కంప్యూటర్లన్నీ వెలుగుతున్నాయి. కేబుళ్లు బాగానే ఉన్నాయి. కానీ పేజీ కట్టేవాడికి ఫొటోల మెషీను దొరకట్లేదు, అకౌంట్స్ అమ్మాయికి ప్రింటరు దొరకట్లేదు, ప్రెస్ ఎవరికీ దొరకట్లేదు. అందరూ ఇంట్లోనే ఉన్నారు గానీ ఎవరి గది ఎక్కడో ఎవరికీ తెలియనట్టు అయిపోయింది.

హైదరాబాద్‌లో నెట్‌వర్క్ పని చేసే మా ఆపా కొడుక్కి ఫోన్ చేశాను.

"మామూ, మూలన పాత డబ్బా ఒకటి ఉంటుంది చూడండి, దాని మీద దుమ్ము కూడా ఉంటుంది. అది వెలుగుతోందా?"

వెలగట్లేదు.

"అదే మీ నేమ్ సర్వర్. ఇంతకాలం ఒక్కదాని మీదే నడిపారా? యా అల్లా!"

ఆ రాత్రి వాడు నాకు ఫోన్లోనే పాఠం చెప్పాడు. కంప్యూటర్లకి పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు. పేర్లు కావాల్సింది మనుషులకి. మనం "ప్రెస్" అని కొడితే, ఆ ప్రెస్ అంకె ఏమిటో చెప్పేది నేమ్ సర్వర్. మొదట్లో, ఇంటర్నెట్ ఇంత పెద్దది కాకముందు, అమెరికాలో ఒక్క చోట ఒక్క ఫైలు ఉండేది. ప్రపంచంలో నెట్‌వర్క్ మీదున్న కంప్యూటర్ల పేర్లన్నీ అందులోనే. అందరూ దాని నకలు దింపుకునేవాళ్లు. పేర్లు పెరిగేకొద్దీ ఆ ఒక్క ఫైలు సరిపోలేదు. 1983లో పాల్ మొకపెట్రిస్ అనే ఆయన ఈ పేర్ల వ్యవస్థని రాశాడు. ఎవరి ఇంటి పేర్ల జిమ్మేదారీ వాళ్లదే అన్నది దాని ఉసూల్. ఇంకో ఉసూల్ కూడా మొదటి నుంచీ ఉంది. ఏ ఇంటి పేర్లయినా ఒక్క సర్వర్ దగ్గరే ఉండకూడదు, కనీసం రెండు చోట్ల ఉండాలి.

ఆ రెండోదాన్ని సెకండరీ అంటారు. పాత పుస్తకాల్లో మొదటిదాన్ని మాస్టర్, రెండోదాన్ని స్లేవ్ అని రాసేవాళ్లు. ఆగా, గులాం. ఈ మధ్య ఆ మాటలు మార్చుకుంటున్నారు. నాకైతే మొదటి రోజే మన మాట తోచింది, నాయబ్. ఇమాం ఉంటాడు, నాయబ్ ఇమాం ఉంటాడు. నమాజ్ మధ్యలో ఇమాం వజూ పోతే, వెనకున్న వాళ్లలో ఒకర్ని తన జాగాలో నిలబెట్టి తను పక్కకి వెళ్తాడు. జమాత్ చెదరదు.

పాత డబ్బాలో పాడైన భాగం మార్పించి, గోదాంలో పడున్న ఇంకో డబ్బాని బయటికి తీశాను. దాని మీద లినక్స్ వేసి, బైండ్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. మా వాడు ఫోన్లో ఒక్కో లైను చెప్పడం, నేను కొట్టడం. నాయబ్‌కి చెప్పాల్సింది చాలా తక్కువ: ఏ పేర్ల చిట్టా మోయాలి, అసలు ఎవరి దగ్గర్నుంచి తెచ్చుకోవాలి, తెచ్చింది ఎక్కడ దాచుకోవాలి. అసలు సర్వర్‌కి చెప్పాల్సింది ఇంకొకటి: ఈ చిట్టా నకలు నాయబ్‌కి తప్ప ఇంకెవరికీ ఇవ్వొద్దు. "మామూ, అది ఇంటి నక్షా లాంటిది. అడిగినవాడికల్లా ఇస్తే దొంగకి దారి చూపించినట్టే" అన్నాడు. అమానత్ అన్నమాట.

అంతా రాశాక కూడా నకలు రాలేదు. రెండు గంటలు కొట్టుకున్నాం. చివరికి తెలిసింది, దారిలో ఉన్న ఫైర్‌వాల్ 53వ నంబరు దర్వాజా సగమే తెరిచింది. మామూలు సవాల్ జవాబులు యూడీపీ అనే దారిలో వెళ్తాయి. చిట్టా మొత్తం నకలు దిగాలంటే టీసీపీ అనే దారి కావాలి. రెండూ తెరిచాక నాయబ్ ఒక్క క్షణంలో చిట్టా మొత్తం తెచ్చేసుకుంది. తర్వాత ఆఫీసులో ప్రతి కంప్యూటర్‌కీ ఇద్దరి చిరునామాలూ అందేలా చేశాం. మొదటాయన పలకకపోతే కొన్ని సెకన్లు ఆగి రెండో ఆయన్ని అడుగుతాయి. మొదటి డబ్బా కేబుల్ పీకి చూశాం. ప్రింటరు దొరికింది. ఫొటోలు దొరికాయి. అల్హందులిల్లాహ్ అనుకుని, రెండు డబ్బాల్నీ ఒకే టేబుల్ మీద పక్కపక్కన పెట్టి, ఒకే యూపీఎస్‌కి తగిలించి ఇంటికెళ్లాను.

ఆ వానాకాలంలోనే ఒక పిడుగుకి యూపీఎస్ కాలిపోయింది. ఇమాం, నాయబ్ ఇద్దరూ ఒకేసారి చల్లబడ్డారు.

మా వాడు నవ్వలేదు. "ఫికర్ చేయకండి మామూ, మైక్రోసాఫ్ట్ కూడా ఇదే చేసింది" అన్నాడు. 2001 జనవరిలో మైక్రోసాఫ్ట్ వెబ్‌సైట్లు దాదాపు ఒక రోజంతా జనానికి అందలేదు. వాళ్లకి నేమ్ సర్వర్లు నాలుగున్నాయి. కానీ నాలుగూ నెట్‌వర్క్‌లో ఒకే ముక్కలో, ఒకే దారి వెనక ఉన్నాయి. ఆ దారిలో రౌటర్ సెట్టింగ్ ఒకటి తప్పుగా మార్చేసరికి నాలుగూ ఒక్కసారే మాయం. నాయబ్ సర్వర్లని ఒకే జాగాలో, ఒకే నెట్‌వర్క్‌లో పెట్టొద్దని 1997లోనే ఇంటర్నెట్ పెద్దలు కాగితం మీద రాసిపెట్టారు. అయినా జరిగింది.

కోనసీమవాడికి ఇది ఎవరో చెప్పాలా? మనది చుట్టూ గోదావరి, కింద సముద్రం ఉన్న దీవి. అమలాపురం నుంచి రాజోలు వెళ్లాలంటే బోడసకుర్రు, పాశర్లపూడి వంతెన ఒక దారి. అది కుదరకపోతే అంబాజీపేట మీదుగా పి.గన్నవరం దగ్గర వైనతేయ దాటడం ఇంకో దారి. రెండు వంతెనలూ పక్కపక్కనే కడితే అది రెండో దారి అవుతుందా?

నాయబ్‌ని ఎదురు వీధిలో ప్రెస్ బిల్డింగుకి మార్చాను. దాని కరెంటు లైను వేరు, యూపీఎస్ వేరు. ఇక నిశ్చింత అనుకున్నాను.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి, నా గలతీ అంతా అందులోనే ఉంది. అసలు చిట్టా పైన ఒక నంబరు ఉంటుంది. సీరియల్ నంబరు. సాధారణంగా సంవత్సరం, నెల, తారీఖు, ఆ రోజు ఎన్నోసారి మార్చామన్నది కలిపి పది అంకెలుగా రాస్తారు. చిట్టాలో ఏ పేరు మార్చినా ఈ నంబరు పెంచాలి. నాయబ్ మధ్యమధ్యలో వచ్చి ఈ ఒక్క నంబరే చూస్తుంది. తన దగ్గరున్న దానికంటే పెద్దదైతే కొత్త నకలు దింపుకుంటుంది. అదే నంబరు ఉంటే, ఏమీ మారలేదని నమ్మి వెళ్లిపోతుంది. మనం లోపల ఎంత మార్చినా నంబరు పెంచకపోతే నాయబ్‌కి ఖబర్ ఉండదు.

2015 చలికాలంలో ప్రెస్‌కి కొత్త కంప్యూటర్ వచ్చింది. పాతదాన్ని మూలన ఉంచాం, పాత ఫైళ్ల కోసం అది వెలుగుతూనే ఉండేది. "ప్రెస్" అనే పేరుకి కొత్త కంప్యూటర్ అంకె రాశాను. ఎవరో టీ తెచ్చారు. మాట్లాడుకుంటూ ఫైలు మూసేశాను. సీరియల్ పెంచలేదు. మొదటి సర్వర్ సరిగానే చెబుతోంది కాబట్టి ఎవరికీ ఏ తేడా తెలియలేదు. వారం పైన గడిచింది.

ఒక సాయంత్రం మగ్రిబ్ తర్వాత ఉస్తాద్ ఇంతెకాల్ అయ్యారన్న వార్త వచ్చింది. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. ఆయన దగ్గర చదివినవాళ్లు రాజోలు, కొత్తపేట, కాకినాడ, ఇంకా ఎక్కడెక్కడో ఉన్నారు. చాలామంది నడివయసు దాటినవాళ్లు, సెల్‌ఫోన్‌లో మెసేజ్ చూసే అలవాటు లేనివాళ్లు. పొద్దున్నే ఛాయ్‌తో పేపర్ చూస్తారు. ఆయన పెద్ద కొడుకు నాకు ఫోన్ చేసి, "భాయ్, రేపు అసర్ తర్వాత జనాజా నమాజ్. పేపర్లో వేయండి" అన్నారు. వేశాను. పేజీ వెళ్లిపోయింది.

రాత్రి పదకొండు దాటాక మళ్లీ ఫోన్. ఆలస్యం చేయడం మంచిది కాదని పెద్దలు అన్నారట. అసర్ కాదు, జుహర్ తర్వాతే. నేను పేజీ తెరిచి, ఒక్క మాట మార్చి, మళ్లీ ప్రెస్‌కి పంపాను. "పంపబడింది" అని చూపించింది. ఇంటికెళ్లాను.

నాకు తెలియనిది ఏమిటంటే, ఆ రాత్రి పదిన్నర ప్రాంతంలో మొదటి సర్వర్ హార్డ్ డిస్క్ పోయింది. ఎవరి పనీ ఆగలేదు, ఎందుకంటే నాయబ్ జవాబిస్తోంది. దేనికోసం పెట్టామో ఆ పని అది చేస్తోంది. కానీ "ప్రెస్ ఎక్కడ?" అని నా కంప్యూటర్ అడిగితే, దానికి తెలిసిన పాత అంకె చెప్పింది. దిద్దిన పేజీ మూలనున్న పాత కంప్యూటర్‌లోకి చేరి కూర్చుంది. ప్రెస్‌వాళ్లు కొత్త కంప్యూటర్‌లో సాయంత్రం వచ్చిన పేజీనే అచ్చు వేశారు.

మర్నాడు జుహర్‌కి మసీదులో ఒక మోస్తరు జమాత్. నేను మొదటి సఫ్‌లో ఉన్నాను. ఇంతమందే వచ్చారేమిటి అనుకున్నాను. జనాజా లేచింది. మట్టి ఇచ్చి వచ్చాం. అసర్ వేళకి మసీదు ముందు ఆటోలు ఆగడం మొదలైంది. చేతిలో పేపర్ మడతపెట్టుకుని ఒక్కొక్కరే దిగుతున్నారు. ఒకాయనైతే నా చిన్నప్పుడు మాకు సీనియర్, చేతికర్ర పట్టుకుని కాకినాడ నుంచి రెండు బస్సులు మారి వచ్చారు. "జనాజా ఎక్కడుంది?" అని నన్నే అడిగారు.

వాళ్లందరూ ఖబ్రస్తాన్‌కి వెళ్లి, తడి ఆరని ఖబర్ దగ్గర నిలబడి దువా చేసుకుని వెళ్లారు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. ప్రెస్‌లో పొరపాటు జరిగిందని నేను చెప్పాను. అది నిజమే, పూర్తి నిజం కాదు. ప్రెస్ కుర్రాడు పాపం రెండ్రోజులు తల దించుకుని తిరిగాడు. మూడో రోజు మూలనున్న పాత కంప్యూటర్ తెరిస్తే నా పేజీ కనపడింది, "జుహర్ తర్వాత" అన్న మాటతో. అప్పుడు ఆ కుర్రాడి దగ్గరికెళ్లి మాఫీ అడిగాను. ఉస్తాద్ కొడుక్కి మాత్రం చెప్పలేకపోయాను. ఇది చదివితే ఆయనకి అర్థమవుతుంది. మాఫ్ చేయండి భాయ్.

మా వాడికి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "మామూ, సర్వర్ పోతే మనకి తెలుస్తుంది. తప్పు చెప్పే నాయబ్ ఉంటే తెలియదు. అది ఇంకా ఖతర్నాక్."

నాకు ఉస్తాద్ మాటే గుర్తొచ్చింది. సామే నిద్రపోతే సామే లేనట్టే అనేవారు. సామే పొద్దున్న హాఫిజ్‌తో కూర్చుని ఆ రోజు పారా దౌర్ చేసుకోవాలి. ఇద్దరూ ఒకరికొకరు వినిపించుకోవాలి. నేను మా ఇద్దరు సర్వర్ల చేత ఒక్కసారి కూడా దౌర్ చేయించలేదు. అప్పటి నుంచి రోజూ డ్యూటీ ఎక్కగానే రెండు సర్వర్లనీ సీరియల్ అడిగేవాణ్ణి. "డిగ్" అనే ఒక్క కమాండ్ చాలు. రెండు నంబర్లూ ఒకటైతేనే ఛాయ్. చిట్టా మార్చగానే నాయబ్‌కి కబురు వెళ్లే ఏర్పాటు కూడా ఉంది. అయినా పైన నంబరు పెంచకపోతే ఆ కబురుకీ అర్థం లేదు.

నెలకోసారి మొదటి సర్వర్‌ని కావాలని ఆపి పని చేయించేవాణ్ణి. ఆఫీసువాళ్లు విసుక్కునేవాళ్లు. విసుక్కోనిచ్చాను.

మన తారీఖ్‌లో దీనికంటే ఎంతో పెద్ద సబఖ్ ఉంది. ఖురాన్‌తో కంప్యూటర్‌ని పోల్చట్లేదు, తౌబా. హిఫాజత్ ఎలా చేశారో గుర్తు చేస్తున్నానంతే. జంగె యమామాలో ఎందరో హాఫిజ్‌లు షహీద్ అయినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి.) కలవరపడ్డారు. ఒకే మైదానంలో ఇంతమంది పోతే ఎలా అని ఆయన చెబితే, హజ్రత్ అబూబకర్ (రజి.) హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి.)కి జమ చేసే జిమ్మేదారీ ఇచ్చారు. తర్వాత హజ్రత్ ఉస్మాన్ (రజి.) కాలంలో, హజ్రత్ హఫ్సా (రజి.) దగ్గరున్న ప్రతిని తెప్పించి, దాన్నుంచి నకళ్లు రాయించి వేరువేరు ప్రాంతాలకి పంపారు. నకలు అసలుతో సరిచూశాకే బయటికెళ్లింది. అన్నీ మదీనాలో ఒక్క అల్మారాలో పెట్టుకోలేదు.

ఆ తర్వాత రాజోలు ఆఫీసులో మూడో నకలు పెట్టాను. దాంతో ఇంకో పాఠం 2022లో నేర్చుకున్నాను.

ఆ ఏడాది ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. దానికి అంబేద్కర్ గారి పేరు పెట్టాలన్న ప్రకటన మే నెలలో వచ్చింది. మే 24న అమలాపురంలో ఏం జరిగిందో మీకు తెలుసు. ఒక పేరు వద్దని వీధుల్లోకి వచ్చారు, మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. ఇంటర్నెట్ ఆపేశారు. దాదాపు రెండు వారాలు. ఇంటి నుంచి పనిచేసుకునే కుర్రాళ్లు లాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి అవతలికి పరిగెత్తారు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ల ఇళ్లలో వీడియో కాల్ లేక తల్లులు ఎంత బేచైన్ అయ్యారో మనలో చాలామందికి అనుభవమే.

రాజోలు ఆఫీసుకి మొబైల్ డేటా మీదే లింకు. అది తెగింది. అయినా మొదటి వారం అక్కడి పని ఆగలేదు, ఎందుకంటే పేర్ల నకలు అక్కడే ఉంది. ఎనిమిదో రోజు అక్కడి కుర్రాడు ఫోన్ చేశాడు.

"ఏవండీ, పక్కనున్న ప్రింటరు కూడా కనపడ్డం లేదండి. నిన్నటిదాకా బానే ఉందండి."

ఆలోచిస్తే తట్టింది. చిట్టా పైన సీరియల్ కింద ఇంకో అంకె ఉంటుంది. అసలు సర్వర్‌తో ఎన్నాళ్లు మాటలు లేకపోతే నాయబ్ నోరు మూసుకోవాలో అది చెబుతుంది. నేను అక్కడ రాసింది 604800. సెకన్లలో సరిగ్గా ఏడు రోజులు. ఏడు రోజులు ఇమాం ఖబర్ లేకపోయేసరికి, ఇక ఆయన పేరు మీద నేను మాట్లాడను అని నాయబ్ ఊరుకుంది. దాని ఈమాన్‌దారీ అది. గడువు తక్కువ పెట్టింది నేను. రెండు నుంచి నాలుగు వారాలు పెట్టమని పెద్దలు 1996లోనే సలహా రాశారని తర్వాత చదివాను. పెన్ డ్రైవ్‌లో చిట్టా వేసుకుని, దారిలో పోలీసులకి ప్రెస్ కార్డు చూపించుకుంటూ, బండి మీద వెళ్లి సరిచేశాను. గడువు నాలుగు వారాలు చేశాను. అంతకు ముందు ఏడాది, 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్ ఆరు గంటలు మాయమైనప్పుడు కూడా ఇలాంటిదే జరిగింది. లోపలి నెట్‌వర్క్‌తో లింకు తెగేసరికి వాళ్ల నేమ్ సర్వర్లు తమకి తామే పక్కకి తప్పుకున్నాయి.

ఇప్పుడు ఆ ఆఫీసు పని నా చేతిలో లేదు. కానీ పోయిన నెల ఇంట్లో ఒక పని మొదలుపెట్టాను.

మా అమ్మీ దగ్గర ఒక డైరీ ఉంది. చుట్టాలందరి ఫోన్ నంబర్లు, ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరి కూతుర్ని ఎక్కడ ఇచ్చామో, అన్నీ అందులోనే. అంతా ఉర్దూలో, ఆవిడ చేతిరాతలో. మా పిల్లలకి ఉర్దూ మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. మా ఇంట్లో ఆ డైరీ చదవగలిగేది అమ్మీ, ఆ తర్వాత నేను. రోజూ ఇషా తర్వాత పక్కన కూర్చుని తెలుగులో నకలు రాస్తున్నాను. ఒకటి మా ఇంట్లో, ఒకటి ఆపా దగ్గర. రాసింది రాసినట్టు ఆవిడకి చదివి వినిపిస్తున్నాను. పాత నంబరైతే ఆవిడే లుక్మా ఇస్తుంది.

నిన్న ఉస్తాద్ పేరు వచ్చింది. ఎదురుగా ఆయన ఇంటి పాత ల్యాండ్‌లైన్ నంబరు.

"ఇది వదిలేయనా అమ్మీ? ఇప్పుడు ఎవరూ ఎత్తరు" అన్నాను.

"నంబరు వదిలెయ్ బేటా. పేరు రాయి. పిల్లలు ఫోన్ చెయ్యక్కర్లేదు, దువాలో గుర్తు చేసుకుంటారు" అంది.

రాశాను. పేజీ పైన తారీఖు వేశాను.